చదవని జవాబు

హేచరీ ఆఫీసు గదిలో ప్రింటరు ఒక్కొక్క కాగితాన్నీ నిదానంగా బయటికి వదులుతుండగా, డ్రైవరమ్మ వాటిని వరుస తప్పకుండా అందుకొని, అంచులు సమంగా కుదిరేలా బల్లమీద రెండుసార్లు తట్టింది. ఆ పేరు ఆమెకు ఈ ఆవరణలోనే వచ్చింది. గుడ్లు పొదిగే యంత్రాలకు చిన్న కంప్యూటర్లను అమర్చి, ఆ కంప్యూటరు మాట ఫ్యానుకూ హీటరుకూ చేరవేసే డ్రైవర్లు రాసేది ఆవిడేనని ఎవరో చెప్పినప్పుడు, ట్రేలు కడిగే ఆడవాళ్లు "ఏ లారీకమ్మా?" అని నవ్వారు. మూడేళ్లయ్యేసరికి నవ్వు పోయి పేరు మిగిలింది. నలభై రెండేళ్ల మనిషి. ఎవరు ఏమని పిలిచినా పలికేది; పిలిచేవారే తక్కువ.

"నాలుగో సెట్టరుది ఒక్కటే చాలు," అన్నాడు మేనేజరు. "ఆ సోమవారం పొద్దున్నది."

సెట్టరంటే గుడ్లు మొదటి పద్దెనిమిది రోజులూ వెచ్చదనంలో గడిపే నిలువెత్తు పెట్టె. లోపల మనిషి నిలబడగలంత చోటుంటుంది. అటువంటివి ఎనిమిది; నాలుగోది తప్ప మిగతా ఏడూ పక్క హాలులో ఒకే హోరుగా మోగుతున్నాయి. ఆ హాలు బాధ్యతను పదహారేళ్లుగా చూస్తున్న స్త్రీ ఇప్పుడు గోడవారగా స్టూలుమీద కూర్చుని ఉంది. మేనేజరు మొదలుకొని కాపలావాడి దాకా అందరికీ ఆమె పిన్నే. తెల్లని ఏప్రనును నాలుగు మడతలు పెట్టి ఒళ్లో ఉంచుకుంది. తొమ్మిది రోజులుగా ఆమెను హాలులోకి వెళ్లనివ్వడం లేదు.

మేనేజరు కాగితంమీద వేలు పెట్టి చదివాడు. "పది నలభై రెండు, ఫ్యాను ఆగింది. అంటే పిన్ని తలుపు తీసే ముందు బటన్ నొక్కింది. పది యాభై ఒకటి, ఫ్యాను ఆన్ అయింది. అంటే తలుపేసి మళ్లీ నొక్కింది. ఇంతవరకూ బాగానే ఉంది. పదకొండు నుంచీ చూడండి, తలుపు దగ్గర వేడి పడిపోతూ వచ్చింది. ఫ్యాను తిరుగుతుంటే అలా ఎందుకు పడుతుందమ్మా?"

అడిగింది తననేనని డ్రైవరమ్మకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"తలుపు గడియ సరిగ్గా పడకపోతే పడుతుందండీ. బయటి గాలి వచ్చి తలుపు దగ్గరున్న సెన్సరుకి తగులుతుంది. చలిగా ఉందనుకుని హీటరు ఆగకుండా వెలుగుతుంది. వెనక వరసలు ఉడుకుతాయి."

"అదే అయింది. ఒంటిగంటన్నరకి తీసి చూస్తే వెనకాల గుడ్లు చేత్తో పట్టుకోలేకపోయాం. పన్నెండు వేలు. ఇంకొక్కరోజు గడిస్తే పిల్లల్ని దింపే ట్రేల్లోకి మార్చేవాళ్లం." అతడు కాగితాన్ని పిన్ని వైపు తిప్పాడు. "నేనేమీ కల్పించి చెప్పడం లేదు పిన్నీ. రాసుంది."

"గడియ వేశాననే గుర్తు బాబూ," అంది పిన్ని. కాగితం వైపు చూడలేదు. "రెండో చేత్తో లాగి కూడా చూశాను. చూశాననే అనుకుంటున్నాను."

"అనుకోవడం వేరు." మేనేజరు మళ్లీ డ్రైవరమ్మ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఇందులో తప్పు పడే అవకాశం ఉందా?"

"లేదండీ," అంది డ్రైవరమ్మ. "యంత్రం జరిగిందే రాస్తుంది."

ఆ మాట విని పిన్ని మొదటిసారిగా తలెత్తి ఆమెను చూసింది. ఆ చూపులో కోపం లేదు. తెలియని విషయాన్ని తెలిసినవారు చెప్పినప్పుడు ఉండే ఒప్పుదల ఉంది. ముందే టైపు చేసి ఉంచిన ఒప్పుకోలు పత్రాన్ని మేనేజరు చదివి వినిపించాడు. మరోసారి చదవమని పిన్ని అడిగింది. రెండోసారి విన్న తర్వాత, పెన్ను మూత తీసి, ఒక్కొక్క అక్షరాన్నీ కుదురుగా నిలబెడుతూ సంతకం చేసింది. కంప్యూటరు రికార్డు సరైనదేనని దాని కింద డ్రైవరమ్మ పెట్టిన సంతకం ఒక్క గీతలో అయిపోయింది.

*

మరునాడు పొద్దున ఆమె తన గదిలో అవే కాగితాలకు రంధ్రాలు చేసి ఫైలులో పెట్టబోయింది. బావ నడిపే వర్క్‌షాపు మీద ఒంటిగది అది. రెండు కుర్చీలున్నాయి. ఒకదానిలో ఆమె కూర్చుంటుంది. రెండోదానిలో వైర్లచుట్టలు, పాత కీబోర్డులు కూర్చుంటాయి. వేడినీళ్ల కెటిల్ క్లిక్కుమని ఆగిపోవడం ఆ గదిలో ఆ ఉదయం వినిపించిన మొదటి పలుకు.

ప్రతి వరుస చివర ఒక అంకె ఉంటుంది. ఆ పనికి పట్టిన సమయం అది, సెకనులో వెయ్యో వంతుల్లో. తనకోసమే అచ్చువేయించుకునే ఆ అంకెను ఇంకెవరూ చదవరు. 'ఫ్యాను ఆన్ అయింది' అన్న చోటల్లా నలభై, ముప్ఫై తొమ్మిది, నలభై ఒకటి, నలభై. సోమవారం పది యాభై ఒకటి దగ్గర మాత్రం సున్నా.

ఆమె రంధ్రాలు చేసే పరికరాన్ని పక్కన పెట్టింది.

ప్రోగ్రాము ఎంత తెలివైనదైనా ఫ్యానును తాకలేదు. ఆ అధికారం దానికి లేదు. అది చేయగలిగిందల్లా ఆపరేటింగ్ సిస్టమ్ వాకిట నిలబడి విన్నపం చేసుకోవడమే: ఫలానా పరికరాన్ని ఫలానా విధంగా కదిలించవలసిందని. ఆ విన్నపాన్ని సిస్టమ్ లోపలికి తీసుకుపోయి డ్రైవరుకు అప్పగిస్తుంది. డ్రైవరు స్విచ్చుల బోర్డును కదిలించి, బోర్డు కదిలిన తర్వాత జవాబు పంపుతుంది. పని అయిందో, కాలేదో, కాకపోతే ఎందువల్ల కాలేదో ఆ జవాబులోనే ఉంటుంది. పని జరగడానికి నలభై వంతుల కాలం పడుతుంది. కాదనడానికి కాలమేమీ పట్టదు.

రెండు నెలల కిందటి ప్రోగ్రామునూ ఇప్పటిదానినీ తెరమీద పక్కపక్కన తెరిచింది. ఎడమవైపున ఉన్న ఏడు వరుసలు కుడివైపున లేవు. బోర్డు మరో పనిలో ఉన్నదని జవాబు వస్తే తెరమీద ఎర్రగీత చూపించి, అరసెకను ఆగి, మళ్లీ అడగమని చెప్పే వరుసలు. వేడిని నమోదు చేసే మరో ప్రోగ్రాము అదే బోర్డును నిమిషానికొకసారి పట్టుకుంటుంది కనుక, ఆ ఎర్రగీత అప్పుడప్పుడూ కనిపించేది, అరసెకనులో మాయమయ్యేది. అయినా హేచరీలవాళ్లు భయపడి ఫోన్లు చేసేవారు. ఆ ఫోన్లు పడలేక ఒక మధ్యాహ్నం ఆమె ఏడు వరుసలనూ కలిపి ఎంచుకొని తుడిచేసింది. గీత పోయింది. దానితో మళ్లీ అడగడమూ పోయింది. అప్పటి నుంచి ఆమె ప్రోగ్రాము విన్నపం చేసి, జవాబు చదవకుండానే 'ఆన్ అయింది' అని రాసుకుంటూ వచ్చింది.

లోపల ఫ్యాను తిరగకపోతే గాలి కలవదు. తలుపు దగ్గర చల్లగానే ఉంటుంది, వెనక ఉడుకుతుంది. గడియ వేసి ఉన్నా అంతే. ఒంటిగంటన్నరకు తలుపు మూసి మళ్లీ నొక్కినప్పుడు బోర్డు ఖాళీగా ఉండి ఉంటుంది; నలభై ఒకటి. ఫ్యాను తిరిగింది, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

బావ పదిగంటలకు మెట్లెక్కి వచ్చాడు. అక్క మొగుడు, ఆమె అమర్చే కంప్యూటరు పెట్టెలన్నింటిమీదా ఉన్నది ఆయన కంపెనీ పేరే.

"ఏం మరదలా, మొహం అలా పెట్టావు? కంప్యూటరు తిట్టిందా?"

"తిట్టలేదు బావా. కాదంది. నేను వినిపించుకోలేదు."

ఆమె తెరను ఆయన వైపు తిప్పి అంతా చెప్పింది. ఆయన వైర్లచుట్టలను నేలమీదికి దించి రెండో కుర్చీలో కూర్చున్నాడు. వింటున్నంతసేపూ మోకాలు ఊపుతూనే ఉన్నాడు.

"ఎర్రగీతలు తీసెయ్యమంది నేనే కదా."

"నువ్వు తియ్యమంది గీతల్ని. మళ్లీ అడిగేదాన్ని తీసేసింది నేను."

"సరే, ఇవాళే సరిచేసి అన్ని చోట్లకీ పంపించెయ్. కొత్త వెర్షన్ అని చెప్దాం. వెర్షన్ అంటే ఎవరూ ఎందుకని అడగరు."

"పంపిస్తున్నాను. మరి ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"సంతకం పెట్టిన ఆవిడ. ఈ నెలాఖరుకి తీసేస్తున్నారు."

బావ మోకాలు ఆగింది. "ఒప్పేసుకుందన్నావుగా. ఒప్పుకున్నదాన్ని నువ్వెళ్లి తవ్వడం ఎందుకు? ఇలాంటి పెట్టెలు ముప్ఫై చోట్ల ఉన్నాయి. ఒకచోట పేరు పోయిందంటే ముప్ఫై చోట్లా పోయినట్టే. కింద పనిచేసే ఆరుగురి సంగతేంటి?"

"ఆరుగురికీ కొత్త పని దొరుకుతుంది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు."

"లెక్చరు బాగుంది."

"అక్కని అడుగుదామా?"

"మీ అక్కని మధ్యలోకి లాగకు. ఆవిడ నీ పక్షమే మాట్లాడుతుంది, ఆనక నాకు అన్నం పెట్టేటప్పుడు గరిటె మోగుతుంది." ఆయన నవ్వడానికి ప్రయత్నించి మానుకున్నాడు. లేచి, తాను దించిన వైర్లచుట్టలను తిరిగి కుర్చీలో సర్దాడు. "వెళ్తే నీ అంతట నువ్వు వెళ్లినట్టు. కంపెనీ పంపలేదు. వెళ్లొచ్చాక ఈ గదిలో ఉండాలో వద్దో కూడా నువ్వే ఆలోచించుకో."

ఆయన అడుగులు మెట్లమీద కిందికి పోయేదాకా ఆమె తెర వైపే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఏడు వరుసలనూ తిరిగి రాసి, ఒక్కొక్కటీ పరీక్షించి, సాయంత్రంలోగా ఇరవై తొమ్మిది చోట్లకు పంపింది. ముప్ఫయ్యోదైన పిన్ని హేచరీలో మాత్రం ఏడు సెట్టర్లకే పంపింది. నాలుగో సెట్టరులో ఆ తప్పు ఇంకో రెండు రోజులు అలాగే ఉండాలి. అది పాడైన గుడ్లు తీసేసిన తర్వాత ఖాళీగా ఉందని ఆమెకు తెలుసు.

*

పిన్ని ఇల్లు సన్నటి సందులో, మూడో అంతస్తులో, ఒకే వరండామీదికి తెరుచుకునే ఆరు తలుపుల్లో నాలుగోది. తలుపు తీసింది కోడలు. పిన్ని నేలమీద కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతూ ఉంది.

"రా అమ్మా," అంటూ లేచి, అతిథి లోపలికి రాగానే తానే వెళ్లి తలుపు వేసింది. గడియ పెట్టింది. లాగి చూసింది. రెండడుగులు వేసి, వెనక్కి వెళ్లి మళ్లీ లాగింది. కూర్చోబోతూ మూడోసారి అటు చూసింది.

"పడిందిలెండి అత్తయ్యా," అంది కోడలు వంటగదిలోంచి, చూడకుండానే. తర్వాత గొంతు తగ్గించి డ్రైవరమ్మతో, "ఇదే వరసండీ. కుళాయి కట్టానా, స్టవ్వు ఆర్పానా, తలుపేశానా. నేను కట్టినవి కూడా ఆవిడే మళ్లీ వెళ్లి కడుతుంది. నిన్న మా పాపని బడి దగ్గర దించి, దించానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వెళ్లింది," అంది.

డ్రైవరమ్మ వచ్చిన పని చెప్పడానికి బస్సులో నాలుగు విధాలుగా మాటలు పేర్చుకుంది. ఇప్పుడు వాటిలో ఒకటీ అక్కరకు రాలేదు.

"తప్పు మీది కాదు పిన్నీ. నాది. మీరు గడియ సరిగ్గానే వేశారు. ఫ్యాను తిరగలేదు."

పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ వింది. దారం ఎక్కింది. ముడి వేసింది.

"తిరిగింది కదమ్మా. రాసుంది."

"రాసింది తప్పు."

"యంత్రం జరిగిందే రాస్తుందని నువ్వే అన్నావు."

"అన్నాను. తెలియక అన్నాను."

"నీకు తెలియకపోవడమేంటి, చేసిందానివి." పిన్ని గుండీని బట్టమీద సరిగ్గా నిలిపి సూది గుచ్చింది. మాటలో ఎత్తిపొడుపు లేదు. "చూడమ్మా, నువ్వు మంచిదానివి. నేనిక్కడ కూర్చుని గుండీలు కుడుతున్నానని ఎవరో చెప్పుంటారు, జాలేసి వచ్చావు. నాకోసం నీమీద వేసుకోవద్దు. మొదట నాక్కూడా గడియ వేశాననే అనిపించింది. తర్వాత రోజూ గుర్తుచేసుకున్నాను. చేసుకునేకొద్దీ, వేసినట్టు కాక వెయ్యనట్టే కనబడుతోంది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే గడియ కొంచెం పైకి తేలి ఉండడం కూడా కనిపిస్తోంది నాకు."

"అది మీరు చూడలేదు పిన్నీ."

"చూశానమ్మా. పన్నెండు వేల ప్రాణాలు. ఒక్కో గుడ్డులో పిల్ల ముక్కు కదిపే రోజు. నా చేతుల మీద." ఆమె దారాన్ని పళ్లతో తెంపింది. "పదహారేళ్లు బాగా చేశాను. ఒక్కరోజు చెయ్యి జారింది. పెద్దదాన్ని అవుతున్నాను, జారుతుంది. ఒప్పుకున్నాక కొంచెం తేలికపడ్డాను. మళ్లీ మొదటికి తీసుకురాకు."

కోడలు ఇచ్చిన మంచినీళ్లు డ్రైవరమ్మ తాగకుండానే చేతిలో పట్టుకుంది. నిందను మోయలేని మనిషిని చూడబోతున్నాననుకొని వచ్చింది. నిందను తన సొంత జ్ఞాపకంగా పెంచుకుంటున్న మనిషిని చూస్తాననుకోలేదు.

"రేపు ఒక్కగంట హేచరీకి రండి," అంది చివరకు. "నా మాట నమ్మొద్దు. చూడండి, అంతే."

"వాళ్లు లోపలికి రానివ్వరు."

"నేను తీసుకెళ్తాను."

"తీసుకెళ్లండమ్మా," అంది కోడలు. "ఇంట్లో తలుపులు అరిగిపోతున్నాయి."

*

మేనేజరు వెంటనే ఒప్పుకోలేదు. డ్రైవరమ్మ ఆఫీసు గుమ్మంలో నిలబడి, తన ప్రోగ్రాములో దోషం ఉన్నదని తాను స్వయంగా రాసి సంతకం చేసిన కాగితాన్ని చేతికిచ్చిన తర్వాత, దానిని రెండుసార్లు చదివి, "మీ బావగారికి తెలుసా ఇది?" అని అడిగాడు.

"తెలుసండీ. ఇది నేను రాసింది, ఆయన కాదు."

పిన్నితో కలిసి ముగ్గురూ హాలులోకి వెళ్లారు. ఏడు సెట్టర్ల హోరు. పిన్ని గుమ్మం దగ్గరున్న మందునీళ్ల తొట్టిలో చెప్పులు ముంచి, చేతులు కడుక్కుని, తుడుచుకొని, అప్పుడు లోపలికి అడుగుపెట్టింది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

నాలుగోది ఖాళీగా ఉంది. డ్రైవరమ్మ తలుపు బార్లా తెరిచి ఉంచి, లోపల పైభాగాన ఉన్న ఫ్యాను రెక్కలను చూపించింది. తన ల్యాప్‌టాప్‌ను పెట్టెకు కలిపి, వేడిని నమోదు చేసే ప్రోగ్రాము బోర్డును వదలకుండా పట్టుకునేట్టు చేసింది.

"ఇప్పుడు మీరు నొక్కండి పిన్నీ. ఆ రోజు నొక్కినట్టే."

పిన్ని చూపుడువేలును చీరకు తుడుచుకొని తెరమీద నొక్కింది. తెరమీద చిన్న ఫ్యాను బొమ్మ చక్కగా తిరగసాగింది. కింద వరుస పడింది: 'ఫ్యాను ఆన్ అయింది.' చివర సున్నా.

లోపల రెక్కలు కదలలేదు.

పిన్ని తెరను చూసింది. రెక్కలను చూసింది. మళ్లీ తెరను చూసింది. లోపలికి రెండడుగులు వేసి, మునివేళ్లమీద లేచి, ఒక రెక్కను వేలితో తాకింది. రెక్క వేలు తోసినంత మేర మెల్లగా కదిలి నిలిచిపోయింది. వెనక తెరమీద బొమ్మ తిరుగుతూనే ఉంది.

"ఇది ఎంతసేపు తిరుగుతుంది ఇలా?" అని అడిగింది లోపలి నుంచే.

"మీరు ఆపేదాకా."

ఆమె బయటికి వచ్చి తలుపు మూసింది. గడియ వేసింది. ఈసారి లాగి చూడలేదు. అరచేతిని విప్పి తలుపు రేకుమీద పూర్తిగా ఆనించి, అలాగే నిలబడిపోయింది. పక్కనున్న ఐదోదానిమీద ఎడమ చెయ్యి ఆనించింది. ఆ రెండు చేతులమీదా ఉన్న తేడాను ఆమె ముఖం నెమ్మదిగా చదువుకుంది.

"ఆ రోజు కూడా ఇలాగే పెట్టాను," అంది. "రోజూ పెడతాను. ఫ్యాను తిరుగుతుంటే తలుపు సన్నగా వణుకుతుంది. ఇంత హోరులో చెవికి తెలీదు, చేతికి తెలుస్తుంది. ఆ రోజు తెలీలేదు. వణకడం లేదు బాబూ అన్నాను."

మేనేజరు ఆ మాటకు తల వంచుకున్నాడు.

"అన్నావు," అన్నాడు. "నేను స్క్రీన్ చూపించాను. చూడు పిన్నీ, తిరుగుతోందిగా, నీ చెయ్యి మొద్దుబారింది అన్నాను."

"నేనూ అదే అనుకున్నాను."

డ్రైవరమ్మకు అంతవరకూ ఈ సంగతి తెలియదు. ఈ హాలులో ఆ ఉదయం సత్యాన్ని చెప్పిన సాక్షి ఒకటి ఉన్నది; అది ఈ అరచెయ్యి. దానిని కాదని తన బొమ్మను నమ్మారు. చివరకు ఆ చెయ్యిగల మనిషి కూడా తన బొమ్మనే నమ్మింది.

"ఆ ఒప్పుకోలు కాగితం తీసేస్తాను," అన్నాడు మేనేజరు. "అందరి ముందూ నేనే చెప్తాను. రేపట్నుంచి వచ్చెయ్ పిన్నీ. కాదు, ఇవాళే."

"చెప్పండి బాబూ. అందరి ముందూ అన్నారు కాబట్టి అందరి ముందూ చెప్పండి." పిన్ని రెండు చేతులనూ తలుపులమీది నుంచి తీసుకుంది. "నాదొక సందేహం. ఈ పన్నెండు రోజులూ నన్ను మీరు తిట్టింది తక్కువ. నన్ను నేను తిట్టుకున్నది ఎక్కువ. తెల్లారి లేచిన దగ్గర్నుంచీ తిట్టుకున్నాను. మీరు అన్నవి మీరు వెనక్కి తీసుకుంటారు. నేను అనుకున్నవి ఎవరు తీసుకుంటారు?"

మేనేజరు ఆఫీసు వైపు నడిచాడు. కాసేపటికి ట్రేలు కడిగే ఆడవాళ్లను పోగుచెయ్యమని అతడు కేకవేయడం వినిపించింది.

డ్రైవరమ్మ పాత ప్రోగ్రామును తీసివేసి కొత్తదాన్ని ఎక్కించింది. బోర్డు మరోపనిలో ఉండగా నొక్కి చూసింది. ఎర్రగీత వచ్చింది, అరసెకను నిలిచింది, మాయమైంది; తలుపు వెనక ఫ్యాను లేచింది. పిన్ని పక్కనే నిలబడి చూస్తున్నది కానీ ఏమీ అడగలేదు. తీగలు విప్పి సంచిలో పెట్టుకున్న తర్వాత డ్రైవరమ్మ ఆమె ముందు నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పిన్నీ, నన్ను..."

"ఇవాళ అడక్కమ్మా," అంది పిన్ని. కటువుగా అనలేదు, అలసిపోయిన మనిషి గొంతు అది. "ఇవాళ అడిగితే సరేలెమ్మని అనేస్తాను. అలా అనడం అలవాటైపోయింది నాకు. నిజంగా అనాలంటే కొంచెం టైము కావాలి. ఇంకోరోజు వచ్చి అడుగు."

"ఏ రోజు?"

పిన్ని వెంట తెచ్చుకున్న ఏప్రను మడతలు విప్పి విదిలించి, మెడలో వేసుకొని, వెనక ముడి కోసం చేతులు పోనిచ్చింది. వేళ్లకు తాడు అందలేదు. డ్రైవరమ్మ సంచి కింద పెట్టి, వెనక్కి వెళ్లి, ఆ రెండు కొసలనూ కలిపి ముడి వేసింది.

"గురువారం నాకు సెలవు," అంది పిన్ని, వెనక్కి తిరగకుండానే. "పదింటికి రా. భోంచేసి వెళ్దువుగాని."